డాబా మీద నుంచి చుక్కలు చూడటం ఎలా: టెలిస్కోప్ కన్నా ముందు గోడ మీద క్యాలెండర్ తీయండి

నాకు ఈ చుక్కల పిచ్చి ఎండాకాలం కరెంటు కోతల వల్ల పట్టింది. చిన్నప్పుడు మా ఊళ్లో కరెంటు పోగానే అందరం డాబా ఎక్కేసేవాళ్లం, మా నాయనమ్మ నా పక్కన పడుకుని ఉత్తరం వైపు చెయ్యి చాపి "అదిగో ఆ నాలుగూ మంచం కోళ్లు, వెనకాల ఆ మూడూ మంచం ఎత్తుకుపోడానికి వచ్చిన దొంగలు" అనేది. ఆ మంచమే సప్తర్షి మండలం అని నాకు తెలిసేసరికి హైస్కూల్‌కి వచ్చేశా.

ఉద్యోగం వచ్చాక మొదట్లోనే ఆన్‌లైన్‌లో ఒక టెలిస్కోప్ కొన్నా. డబ్బా మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది, పక్కన శనిగ్రహం ఫోటో. మొదటి రోజు చంద్రుణ్ని చూసి ఇంట్లో అందర్నీ పిలిచి గోల చేశా, రెండో రోజు ఎటు తిప్పినా నల్లగానే ఉంది, మూడో రోజుకి ట్రైపాడ్ స్క్రూ ఒకటి ఎక్కడో పడిపోయింది, ఆ తర్వాత అది నాలుగేళ్లు అటక మీదే ఉంది. టెలిస్కోప్ అంత మంచిదేం కాదు నిజమే, కానీ అసలు తప్పు నాది. ఎటు చూడాలో తెలీకుండా కొన్నా. ఊరు తెలీనివాడి చేతిలో బండి తాళాలు పెట్టినట్టు.

కాబట్టి ఈ గైడ్‌లో టెలిస్కోప్ ఆఖర్న వస్తుంది. మీకు రోహిణి, స్వాతి, జ్యేష్ఠ, మూల అన్న పేర్లు ఎలాగూ తెలుసు, మీ ఇంట్లో కనీసం ఒకళ్ల జన్మ నక్షత్రం అయినా నోటికి వచ్చు, గోడ మీద తిథులున్న క్యాలెండర్ ఉంటుంది. దాంతోనే సగం పని అయిపోతుంది.

1. ముందు తిథి చూడండి

చాలామంది పున్నమి రోజు డాబా ఎక్కి "ఏంటండీ చుక్కలే లేవు" అంటారు. ఉండవు మరి, చంద్రుడే పెద్ద వీధిలైటు. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడం, అంతే, 30 తిథులు కలిపితే 360 డిగ్రీల చుట్టు పూర్తవుతుంది. అంటే శుద్ధ పంచమి నాటికి చంద్రుడు సూర్యుడికి 60 డిగ్రీలకి అటూ ఇటూగా ఎడంగా ఉంటాడు, సాయంత్రం పడమటి ఆకాశంలో కనిపించి రాత్రి 10 లోపే అస్తమిస్తాడు. పున్నమి తర్వాత చంద్రోదయం రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున లేటవుతూ పోతుంది. సంకటహర చవితి ఉపవాసం ఉండే వాళ్లకి ఈ లెక్క బాగా తెలుసు, ఆ రోజు చంద్రుడి కోసం 9 దాకా ఆకలితో కూర్చునేది వాళ్లే కదా.

సాయంత్రం పూట చూడాలంటే బహుళ షష్ఠి నుంచి, మధ్యలో అమావాస్య, మళ్లీ శుద్ధ తదియ దాకా మీది. నెలకి 13 రోజులు వస్తాయి, మబ్బులు పోగా నాలుగైదు మిగిలినా అదృష్టమే. చంద్రుణ్నే చూడాలనుకుంటే మాత్రం శుద్ధ సప్తమి, అష్టమి బెస్ట్, పున్నమి వద్దు. అర్ధచంద్రుడి మీద వెలుగుకీ చీకటికీ మధ్య గీత ఉంటుంది చూశారా, అక్కడ ఎండ ఏటవాలుగా పడి గుంటల నీడలు పొడుగ్గా కనిపిస్తాయి, పున్నమికి ఎండ నెత్తిమీద నుంచి పడి మొత్తం చదునుగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది.

సీజన్ సంగతి: మన దగ్గర నవంబర్ చివర నుంచి మార్చి దాకా బంగారం లాంటి కాలం. ఏప్రిల్, మే కూడా బాగానే ఉంటుంది గానీ దుమ్ము. జూన్ నుంచి సెప్టెంబర్ వర్షాలు, కోస్తా వాళ్లకి అక్టోబర్‌లో తుఫాన్లు. కానీ వానాకాలంలో పొద్దున్నంతా కురిసి రాత్రికి తెరిపిచ్చిందనుకోండి, వెంటనే పైకి పరిగెత్తండి, దుమ్మంతా కడిగేసిన ఆ రెండు గంటలు ఏ శీతాకాలానికీ తీసిపోవు. దీపావళి రాత్రి అమావాస్య కదా అని ఆశపడకండి, పొగ. భోగి తెల్లారుజామున కూడా అంతే.

2. చోటు

డాబా చాలు. నిజంగా. దగ్గర్లో లైట్ ఉంటే వాటర్ ట్యాంక్ నీడలో కూర్చోండి, లైట్ నేరుగా కంట్లో పడకపోతే సగం సమస్య తీరినట్టే. పిట్టగోడ పొట్టిగా ఉంటే మాత్రం పైకి చూస్తూ నడవొద్దు, కూర్చునో పడుకునో చూడండి. నులక మంచం ఉంటే మీ అంత రాజా లేడు.

సిటీ వెలుతురు గురించి ఏడవడం మనతో మొదలైంది కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి హైదరాబాద్‌లో పెట్టారు, అదే తర్వాత బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ అయింది. ఊరు పెరిగి వెలుతురు ఎక్కువైపోయేసరికి 1960ల్లో ఉస్మానియా వాళ్లు 48 అంగుళాల టెలిస్కోప్‌ని సిటీకి దూరంగా జాపాల–రంగాపూర్ గ్రామాల దగ్గర పెట్టుకున్నారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం అక్కడి నుంచే గమనించారు. అబ్జర్వేటరీకే తప్పలేదు, ఇక మన మియాపూర్ ఫ్లాట్ ఎంత.

నెలకోసారి ఊరెళ్తారు కదా, ఆ అమావాస్య వారం చూసుకుని వెళ్లండి. హైదరాబాద్ వాళ్లు వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్తుంటారు, కానీ అడవి ప్రాంతంలో రాత్రి ఉండాలంటే పర్మిషన్ సంగతి ముందే కనుక్కుని, ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి. తెలిసినవాళ్ల పొలం, మామిడితోట అయితే ఇంకా మంచిది, ఒక ఫోన్ కొట్టి "అన్నా రాత్రికి మీ తోటలో ఉంటాం, దొంగలనుకోకు" అని చెప్తే సరి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, పాములుంటాయి.

3. కళ్లకి అరగంట ఇవ్వండి

ఇది ఎంత చెప్పినా ఎవరూ వినరు. లైట్ల లోంచి చీకట్లోకి వచ్చాక కంటి పాప నిమిషంలో పెద్దదవుతుంది గానీ, రెటీనాలో చీకటికి పనిచేసే రాడ్ కణాలు పూర్తిగా తేరుకోడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి వాట్సాప్ చూశారా, మళ్లీ మొదటికి. ఆ రాడ్ కణాలకి ఎరుపు రంగు పెద్దగా ఆనదు, అందుకే టార్చ్‌కి ఎర్ర జిలుగు కాగితం నాలుగు మడతలు పెట్టి రబ్బర్ బ్యాండ్ వేసుకోండి, బొకేలకి చుట్టేది ఉంటుంది కదా అదే.

ఇంకో కిటుకు, ఓరకంట చూడటం. బాగా మసకగా ఉన్నదాన్ని సూటిగా చూస్తే మాయమైపోతుంది, కాస్త పక్కకి చూస్తే కనిపిస్తుంది, ఎందుకంటే కంటి మధ్యలో రాడ్లు ఉండవు, చుట్టూ ఉంటాయి. కొత్త పెళ్లికూతుర్ని పెద్దల ముందు చూసినట్టు చూడాలి అన్నమాట.

4. దిక్కులు, పిడికిలి

ఇంటి వాస్తు పుణ్యమా అని మనకి ఈశాన్యం, ఆగ్నేయం నోటికి వచ్చు, ఇక్కడ పనికొస్తుంది. ఇక దూరాలు కొలవడానికి చెయ్యి చాలు. చెయ్యి పూర్తిగా ముందుకి చాపి పిడికిలి బిగించి ఒక కన్ను మూసి చూస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, మధ్య మూడు వేళ్లు 5 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ. పిల్లలకైనా పెద్దలకైనా ఇంచుమించు ఇదే, చెయ్యి పొట్టిదైతే పిడికిలీ చిన్నదే కదా. చంద్రుడు ఎంత ఉంటాడు అంటే చాలామంది పళ్లెమంత అంటారు, చిటికెన వేలు అడ్డం పెట్టండి, వెనకాల ఇద్దరు చంద్రులు దాక్కుంటారు. అర డిగ్రీయే మరి.

ఇప్పుడు ధ్రువ నక్షత్రం. అది మీ ఊరి అక్షాంశం ఎంతో అంత ఎత్తులోనే ఉంటుంది. హైదరాబాద్‌కి 17 డిగ్రీల పైచిలుకు, విజయవాడకి పదహారున్నర, తిరుపతికి పదమూడున్నర. అంటే ఉత్తరం వైపు నేల మీద నుంచి రెండు పిడికిళ్లు కూడా లేదు! సినిమాల్లో చూపించినట్టు నడినెత్తిన ధగధగా మెరిసేది కాదు అది, ఓ మాదిరి చుక్క, సిటీ దుమ్ములో తరచూ కనపడదు. నేను ఏడాది పాటు వేరే ఏదో చుక్కని ధ్రువుడు అనుకున్నా, తీరా అది రాత్రి గడిచేకొద్దీ జరుగుతోందని తర్వాత గమనించా.

5. మొదటి రాత్రి: జనవరి, 8 గంటలకి, తూర్పు వైపు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మొదలుపెడితే అద్భుతం. రాత్రి 8కి తూర్పు ముఖంగా నిలబడి బాగా పైకి చూడండి. మూడు చుక్కలు ఒకే వరసలో, సమాన దూరంలో, నిలువుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. మొత్తం మూడూ మీ రెండు వేళ్ల వెడల్పులో ఇమిడిపోతాయి. ఇలాంటిది ఆకాశంలో ఇంకోటి లేదు, పొరబడే ఛాన్సే లేదు. ఇవి ఓరియన్ అనే వేటగాడి ఆకారం నక్షత్ర మండలానికి నడుం పట్టీ.

ఆ మూడింటికి ఎడమ పక్క, అంటే ఉత్తరం వైపు, నారింజ రంగులో ఉన్న పెద్ద చుక్క ఆరుద్ర. కుడి పక్క నీలం తెలుపులో మెరిసేది రైజెల్. రెండింటినీ మార్చి మార్చి చూడండి, చుక్కలకి రంగులుంటాయని మొదటిసారి తెలిసేది ఇక్కడే. ఆరుద్రని ఇంగ్లీష్‌లో బెటెల్‌గూస్ అంటారు. 2019 చివర్లో ఇది ఉన్నట్టుండి మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరికి మామూలు కళ్లతో తేడా తెలిసేంత తగ్గిపోయింది, పేలిపోతుందేమో అని పెద్ద హడావిడి నడిచింది, తీరా అది కక్కిన దుమ్మే దానికి అడ్డం వచ్చిందని తేల్చారు. నేను రోజూ డాబా ఎక్కి దాన్ని పక్క చుక్కలతో పోల్చి చూసేవాణ్ని. ఆఫీసులో చెప్తే నవ్వారు.

ఇప్పుడు నడుం పట్టీ మూడు చుక్కల గీతని కిందికి పొడిగించండి, రెండు పిడికిళ్ల పైచిలుకు వెళ్లాక భగభగ మెరిసే తెల్ల చుక్క తగులుతుంది, సిరియస్, మనవాళ్ల మృగవ్యాధుడు. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన నక్షత్రం, 8.6 కాంతి సంవత్సరాల దూరం (కాంతి ఏడాదిలో వెళ్లేంత దూరం ఒక కాంతి సంవత్సరం). అదే గీతని పైకి పొడిగిస్తే, మళ్లీ అవే రెండు పిడికిళ్ల పైచిలుకు, ఎర్రటి చుక్క. అదే రోహిణి. ఇంకో పిడికిలిన్నర ముందుకి వెళ్తే గుప్పెడు చుక్కల చిన్న గుంపు, కృత్తిక. ఎన్ని లెక్కపెట్టగలిగారో రాసుకోండి, మామూలు కంటికి ఆరు. కుమారస్వామిని పెంచిన కృత్తికలు ఆరుగురే అని గుర్తుందా? నాకు ఊళ్లో ఆరు, హైదరాబాద్‌లో ఒక మసక మరక.

ఒక్క రాత్రిలో ఇంతే చాలు. మర్నాడు మళ్లీ అవే చూడండి. కొత్తవి వెతక్కండి.

ఫిబ్రవరి మధ్యకి వస్తే రాత్రి 9కి దక్షిణం వైపు తిరగండి. సిరియస్‌కి బాగా కింద, నేల నుంచి రెండు పిడికిళ్ల ఎత్తులో ఒంటరిగా ఒక పెద్ద చుక్క. అగస్త్య నక్షత్రం, కెనోపస్. ప్రకాశంలో రాత్రి ఆకాశానికి రెండోది. యూరప్‌లో చాలా దేశాల వాళ్లకి ఇది జన్మలో కనపడదు, వాళ్లకి నేల కిందే ఉండిపోతుంది. హైదరాబాద్ నుంచి ఉత్తరాన ధ్రువుడు దాదాపు రెండు పిడికిళ్లు, దక్షిణాన అగస్త్యుడు రెండు పిడికిళ్లు, రెండు కొసలా ఇద్దరూ. నాకు ఈ లెక్క తెలిసిన రోజు భలే తృప్తిగా అనిపించింది.

6. ఎండాకాలం: సప్తర్షులు, అరుంధతి

ఏప్రిల్, మే నెలల్లో రాత్రి 8, 9కి ఉత్తరం వైపు మా నాయనమ్మ మంచం పైకొచ్చేసి ఉంటుంది. మంచం కోళ్లలో తోకకి (ఆ ముగ్గురు దొంగలే తోక) దూరంగా ఉన్న రెండూ క్రతువు, పులహుడు. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, ఆ రెండింటి మధ్య దూరానికి ఐదు రెట్లు వెళ్తే ధ్రువుడు. మూడు పిడికిళ్లు అనుకోండి.

తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాని పక్కనే అంటిపెట్టుకుని సన్నగా కనిపించేది అరుంధతి. పెళ్లిలో చూపిస్తారు కదా అది. మా కజిన్ పెళ్లి నవంబర్‌లో అయింది, రాత్రి 8కి పంతులుగారు ఇద్దర్నీ ఫంక్షన్ హాల్ బయటికి తీసుకొచ్చి పక్క బిల్డింగ్ ఏసీ డబ్బాల వైపు చెయ్యి చూపించి "కనిపించిందా అమ్మా" అన్నారు, అది "ఆఁ" అంది. ఆ నెలలో సప్తర్షుల తోక లేచేదే తెల్లారుజామున 3 దాటాక. నేనేం మాట్లాడలేదు లెండి, నా పెళ్లిలోనూ నేను "ఆఁ" అనే అన్నా. కానీ మే నెల పెళ్లిళ్లలో, ఊరి బయట, నిజంగా చూడొచ్చు. అరుంధతి మామూలు కంటికి కనిపిస్తే మీ కళ్లూ మీ ఆకాశమూ రెండూ పర్లేదు అని లెక్క. సిటీలో నాకు వసిష్ఠుడు ఒంటరిగానే కనిపిస్తాడు.

ఆ తోక వంపునే అలాగే సాగదీసుకుంటూ పోతే లేత నారింజ రంగు పెద్ద చుక్క స్వాతి, ఇంకా సాగదీస్తే తెల్లటి చిత్త, దాని పక్కన నాలుగు చుక్కల వంకర చతురస్రం హస్త. ఒక్క గీతలో మూడు నక్షత్రాలు అయిపోయాయి.

మే మధ్యలో 9కి దక్షిణం పూర్తి ఖాళీగా ఉన్న చోటు, బీచ్ గానీ పొలం గానీ, దొరికితే నేలకి ఒక పిడికిలి ఎత్తులో చిన్న శిలువ ఆకారం వెతకండి. సదరన్ క్రాస్, మనవాళ్లు త్రిశంకుడు అంటారు. తలకిందులుగా వేలాడుతున్నాడన్న ఆ త్రిశంకుడే, నిజంగానే అటు పైకీ రాడు ఇటు కిందికీ పోడు, కాసేపు నేలని రాసుకుంటూ తిరిగి దిగిపోతాడు. దానికి ఎడమ పక్క రెండు పెద్ద చుక్కల్లో దూరంగా ఉన్నది ఆల్ఫా సెంటారీ, సూర్యుణ్ని వదిలేస్తే మామూలు కంటికి కనిపించే చుక్కల్లో మనకి అన్నిటికన్నా దగ్గరి పొరుగు, 4.37 కాంతి సంవత్సరాలు. నేను చీరాల వైపు బీచ్‌లో చూశా, పడవల లైట్లు పైకి లేచాయేమో అనుకుని చాలాసేపు నమ్మలేదు.

పాలపుంత మధ్యభాగం చూడాలంటే మూల నక్షత్రం, అంటే వృశ్చిక రాశి తేలు కొండి దగ్గరికి వెళ్లాలి, మార్చి–ఏప్రిల్‌లో తెల్లారుజామున 3, 4 గంటలకి చీకటి పల్లెలో. సాయంత్రం పూట అది వచ్చేసరికి మనకి వర్షాకాలం వచ్చేస్తుంది. ఇది మన ఖర్మ.

7. మీ జన్మ నక్షత్రం వెతుక్కోండి

ఇది నాకు ఇష్టమైన స్టెప్, ఇంట్లో వాళ్లని డాబా ఎక్కించడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. జన్మ నక్షత్రం అంటే మీరు పుట్టినప్పుడు చంద్రుడు ఆకాశంలో ఏ నక్షత్రం భాగంలో ఉన్నాడో అది. జ్యోతిషం నమ్మండి మానండి, ఆ చుక్క మాత్రం నిజంగా అక్కడ ఉంది.

ఎప్పుడు కనిపిస్తుంది అన్నది నెల పేరే చెప్తుంది. కార్తీకంలో పున్నమి చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటాడు కాబట్టి అది కార్తీకం. మార్గశిరానికి మృగశిర, మాఘానికి మఖ, చైత్రానికి చిత్త, జ్యేష్ఠానికి జ్యేష్ఠ, శ్రావణానికి శ్రవణం. పున్నమి చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు కదా, అంటే ఆ నెలలో ఆ నక్షత్రం సాయంత్రం తూర్పున లేచి తెల్లారేదాకా ఉంటుంది.

దీనికి ఉల్టా కార్తె. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటాం, మే 25 ప్రాంతం నుంచి జూన్ మొదటి వారం దాకా. ఆ రోజుల్లో సూర్యుడు ఆకాశంలో రోహిణి భాగంలో ఉంటాడు. కాబట్టి రోహిణి కార్తెలో రోహిణిని ఎంత వెతికినా కనపడదు, అది సూర్యుడితో పాటు పగలే లేచి సూర్యుడితో పాటే దిగిపోతుంది! మా నాన్నకి ఇది చెప్తే కాసేపు ఆలోచించి "మరి కార్తెలు పెట్టినోడికి చుక్క కనపడకుండా సూర్యుడు అక్కడున్నాడని ఎలా తెలిసిందిరా" అన్నాడు. మంచి ప్రశ్న. సూర్యాస్తమయం అవగానే పడమట, తెల్లవారేముందు తూర్పున ఏ చుక్కలు ఉన్నాయో చూసుకుంటే మధ్యలో ఏది మిస్సయిందో తేలుతుంది. మీరూ చేసి చూడొచ్చు.

శతభిషం, రేవతి వాళ్లకి క్షమాపణలు, మీవి చాలా మసక చుక్కలు, పల్లెకి వెళ్లాల్సిందే. పుష్యమి వాళ్లు బైనాక్యులర్స్ వచ్చేదాకా ఆగండి, మీకు ఒక బహుమతి ఉంది. జ్యేష్ఠ వాళ్లు అదృష్టవంతులు, తేలు గుండెలో ఎర్రగా మండే చుక్క మీది.

8. గ్రహాలు

చుక్క మిణుకు మిణుకుమంటుంది, గ్రహం నిలకడగా వెలుగుతుంది, సూర్యచంద్రులు నడిచే దారిలోనే ఉంటుంది, అంతే. సాయంత్రం పడమట గానీ తెల్లవారుజామున తూర్పున గానీ కళ్లు చెదిరేలా ఉంటే శుక్రుడు, తెల్లారి కనిపించే ఈయన్నే వేగుచుక్క అంటాం. గురుడు ఏ రాశిలో ఉన్నాడో పంచాంగంలో చూసి ఆ రాశి నక్షత్రాల దగ్గర వెతికితే దొరికిపోతాడు. గురుడు సూర్యుడి చుట్టూ తిరగడానికి 11.86 ఏళ్లు, అందుకే ఏడాదికో రాశి, పన్నెండేళ్లకోసారి పుష్కరాలు. గోదావరి పుష్కరాలు గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడు, 2015లో అయ్యాయి, మళ్లీ 2027లో. ఆ జూలై మొదట్లో మబ్బులు కరుణిస్తే సూర్యాస్తమయం అయ్యాక పడమట మఖ చుక్కకి దగ్గర్లో గురుణ్ని చూడండి, స్నానం చేసి ఘాట్ మెట్ల మీద కూర్చునే చూడొచ్చు. శనికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు, రాశికి సుమారు రెండున్నర, మూడు రాశులకి ఏడున్నర. ఏలినాటి శని ఏడున్నరేళ్లు ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా.

9. యాప్, నోట్‌బుక్

స్టెల్లేరియం వేసుకోండి, నైట్ మోడ్ ఆన్ చేస్తే స్క్రీన్ ఎర్రగా మారుతుంది. కానీ ముందు కంటితో గుర్తుపట్టి తర్వాత యాప్‌లో సరిచూసుకోండి, రివర్స్ చేస్తే ఆకాశం కాదు ఫోన్ నేర్చుకుంటారు. డాబా మీద పిల్లర్ల ఇనప చువ్వల దగ్గర నిలబడితే ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

నోట్‌బుక్‌లో రెండు లైన్లు చాలు. నాది ఒకటి: "మాఘ బహుళ దశమి, ఊరి డాబా, 8:40. కృత్తిక 6, ఓరకంట ఏడోది ఉందేమో. అగస్త్యుడు కొబ్బరిచెట్టు వెనక. దోమలు." ఏడాది తర్వాత ఇవి చదువుతుంటే వచ్చే మజా ఫోటోల్లో రాదు.

ఉల్కలు చూడాలంటే డిసెంబర్ 13–14 రాత్రి జెమినిడ్స్. ఏ పరికరమూ వద్దు, దుప్పటి కప్పుకుని వెల్లకిలా పడుకుని కనీసం గంట ఆగాలి. ఆగస్టు 12–13 పెర్సీడ్స్ అని హడావిడి చేస్తారు గానీ మనకి అప్పుడు మబ్బులు.

10. బైనాక్యులర్స్

ఆర్నెల్లు ఇలా చూశాక కూడా మోజు తగ్గకపోతే 7×50 గానీ 10×50 గానీ కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 20 రెట్లు, 30 రెట్లు అని ఆశపడి కొంటే చెయ్యి వణుకుతుంది, చుక్కలన్నీ డాన్స్ చేస్తాయి. మోచేతులు పిట్టగోడకి ఆనించి చూడండి. కృత్తికలో పదుల కొద్దీ చుక్కలు, ఓరియన్ పట్టీకి దక్షిణంగా చిన్న పొగమంచు మరకలా నెబ్యులా (గ్యాసు, దుమ్ము మేఘం), గురుడి పక్కన గెలీలియో 1610లో చూసిన చందమామలు, పుష్యమి దగ్గర తేనెటీగల గుంపు లాంటి నక్షత్రాల గుంపు (ఇదే ఆ బహుమతి), చీకటి ఊళ్లో నవంబర్ రాత్రి ఆండ్రోమెడా గెలాక్సీ, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ, ఏ కారణానికీ తిప్పొద్దు, క్షణంలో కన్ను పోతుంది. పిల్లలున్న ఇంట్లో పగలు తాళం వేసి పెట్టండి.

11. ఇప్పుడు టెలిస్కోప్

ఎన్ని రెట్లు అని అడక్కండి, ముందు అద్దం ఎంత వెడల్పు అని అడగండి. పనికొచ్చే గరిష్ఠ మాగ్నిఫికేషన్ ఆ వెడల్పు మిల్లీమీటర్లకి సుమారు రెండింతలు. నాది 60 మిల్లీమీటర్లు, అంటే 120 రెట్లు, డబ్బా మీద 525! మిగతాదంతా మసక. రెట్ల లెక్క సింపుల్, అద్దం నుంచి వెలుగు కూడే చోటికి ఉన్న దూరం ఫోకల్ లెంగ్త్, టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి, 700ని 25తో భాగిస్తే 28 రెట్లు, 10తో భాగిస్తే 70. ఎప్పుడూ 25తోనే మొదలుపెట్టండి. స్టాండ్ ఊగకూడదు, సన్నకాళ్ల ట్రైపాడ్ కన్నా చెక్కపెట్టె మీద కూర్చునే 6 అంగుళాల డాబ్సోనియన్ రకం టెలిస్కోప్ వంద రెట్లు నయం, బరువు మోసుకుని మెట్లెక్కగలిగితే. పైన గురి చూడటానికి ఉండే చిన్న ఫైండర్‌ని పగలే దూరంగా ఉన్న సెల్ టవర్ మీద పెట్టి సెట్ చేసుకోండి, సూర్యుడు లేని దిక్కున. నేను ఆ ఒక్క పని చేయకే నాలుగేళ్లు అటక మీద పడేశా. బొమ్మ తలకిందులుగా కనిపిస్తే కంగారుపడకండి, అది అంతే. ఇంకా గ్రహం నిమిషంలో పక్కకి జారిపోతుంటే జరిగేది అది కాదు, భూమి, గంటకి 15 డిగ్రీలు.

అటక మీది ఆ డొక్కు టెలిస్కోప్‌నే దించి, స్క్రూ బదులు సైకిల్ నట్టు బిగించి, ఒక రాత్రి శనిని పట్టుకున్నా. పై ఫ్లోర్ ఆంటీ బట్టలు తీసుకోడానికి వచ్చారు. "ఏంటి బాబూ అది?" శని ఆంటీ, చూస్తారా అన్నా. రెండడుగులు వెనక్కి వేసి "అమ్మో, శనిని చూడకూడదు నాయనా" అన్నారు. నేనేం బలవంతపెట్టలేదు. ఐదు నిమిషాలు తీగ మీద క్లిప్పులు సర్దుతూ అక్కడే ఉన్నారు, తర్వాత "ఒక్కసారి చూస్తే ఏం కాదులే" అని వచ్చి వంగారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "చెవి దిద్దులా ఉన్నాడు, ఇంత ముద్దుగా ఉన్నాడేంటి" అని అంకుల్‌ని పిలవడానికి కిందికి వెళ్లారు. బట్టలు పైనే వదిలేశారు.

చూడటం అయ్యాక లెన్స్ మీద మంచు పడితే తువ్వాలుతోనో చున్నీతోనో తుడవొద్దు, గీతలు పడతాయి, ఫ్యాన్ కింద ఆరనిచ్చి మూత పెట్టండి. మన కోస్తా తేమకి అద్దాల లోపల బూజు పడుతుంది, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా అన్నీ ఆ పెట్టెలో వేస్తూ ఉండండి.